మూతి ముడవని తూటా

చక్రం తిరగడం లేదు. పెద్దులు బొటనవేలితో అటు ఒత్తాడు, ఇటు ఒత్తాడు. వెంట్రుకవాసి కదిలి, లోపలెక్కడో మెత్తగా దేనికో తగిలి ఆగిపోతోంది. ఇనుముకు ఇనుము తగిలితే టక్కుమంటుంది. ఇది టక్కుమనడం లేదు. సీసమే, సీసం తగిలితేనే ఇట్లా నోరు మూసుకుని ఆగుతుంది. రివాల్వర్‌ను ఇసుక పోసిన ఖర్జూరపు పెట్టెలో పడుకోబెట్టి ఉంచాడు, గొట్టం మొన మట్టిగోడ వైపు. గోడ అవతల నిమ్మచెట్లు, ఆ చెట్ల వైపు ఇవాళ ఎవరూ పోవద్దని తోట యజమానురాలు అజీజా ముందే అందరికీ చెప్పింది. చక్రంలో ఆరు గదులు. రెండు పేలాయి, నాలుగు పేలలేదు. పేలని నాలుగింటిలో ఏదో ఒకదాని సీసపు గుండు దాని ఇత్తడి డొల్లలోంచి ముందుకు జారి, చక్రం దాటి తల బయట పెట్టింది. ఆ తల తుపాకి చట్రానికి అడ్డం పడింది. అందుకే చక్రం తిరగదు, తిరగదు కాబట్టి పక్కకు తెరుచుకోదు, తెరుచుకోకపోతే నాలుగు తూటాలూ లోపలే ఉంటాయి, మందుతో, ఆ మందును రాజేసే టోపీతో, బతికి. ఇంతవరకు తెలిసింది. ఏ గుండు జారింది, ఎందుకు జారింది, అది తెలియాలి. ఆ తూటాలు చేసింది తనే.

పంపు ఆపేశారు. రోజంతా డుగుడుగుమని గుండెలో కొట్టుకునే పంపు ఆగితే ఈ షెడ్డు ఇంత పెద్దదని ఇప్పుడే తెలుస్తోంది. డీజిల్ వాసన, తడిసిన మట్టి వాసన, రేకుల మీంచి దిగే ఎండ. మస్కట్ దగ్గరి ఈ బర్కాలో ఈ నెలలో సముద్రం గాలి కూడా ఉడికించిన బట్టలా ముఖానికి అంటుకుంటుంది. అజీజా తలుపు పక్కన బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుంది, నల్లటి ముసుగు భుజాల మీదికి జారి ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. బయటికి పొమ్మని రెండుసార్లు చెప్పి చూశాడు. "నా తుపాకి. నేనిక్కడే ఉంటాను," అంది. ఆమె హిందీ జంజిబార్ హిందీ, అక్కడి గుజరాతీ కొట్లల్లో నేర్చుకున్నది. అక్కడ గొడవలై అరబ్బులందరూ ఇక్కడికి వచ్చేసినప్పుడు, ఈమె తండ్రి చేతి తుపాకిని లవంగాల బస్తాలో దాచి తెచ్చుకుందట. తను ఈ దేశం వచ్చిన కొత్తలో ఇంటి ఆడమనిషిని మామా అనాలని చెబుతూ బావ భీమన్న పడీపడీ నవ్వాడు, ఆమె మనకు మామ ఎట్లయితదిర అని. ఇప్పుడు ఆ మాట అలవాటైపోయింది. ఇక్కడ ఎవరికీ 'ప' పలకదు, రోడ్డు పని చేసినప్పుడు సైట్‌లో అందరికీ తను బద్లూ. పెద్దులు అని సరిగ్గా పిలిచేది వాళ్లలో ఈ మామ ఒక్కతే.

పక్క గదిలో గొలుసు గలగలమంది. కుక్క లేచినట్టుంది, లేదా పడుకుంది. ఆ గదికి కిటికీ ఒకటి ఉంది, కిటికీ బయట గోనెసంచి పరుచుకుని భీమన్న కూర్చున్నాడు. చెయ్యి మెడకు వేలాడగట్టుకుని, తనను కరిచిన కుక్కను చూస్తూ. పొద్దున్నుంచి అది నీళ్లు ముట్టలేదు. డిస్పెన్సరీలో కాంపౌండర్ ఖమరుద్దీన్, మన నిజామాబాద్ ఆయన, మొదటి రోజే చెప్పాడు: కుక్కను సంపకుండ్రి, కట్టేసి సూడుండ్రి, పది దినాలు మంచిగ తిని తాగితె పిచ్చి లేనట్టు, నీళ్లు సూసి బెదిరిందా, ఇగ మనం బెదరాలె. భీమన్నకు బొడ్డు చుట్టూ సూదులు నడుస్తూనే ఉన్నాయి. పది దినాలు ఇవాళ్టికో రేపటికో నిండుతాయి. సరిగ్గా ఇవాళే నీళ్లు మానేసింది. సాయంత్రం అసర్ నమాజు అయినాక ఖమరుద్దీన్ వస్తానన్నాడు. కుక్కను కాల్చాల్సి వస్తే తుపాకి కావాలి, అందుకే ఈ పని ఇప్పుడు. పెద్దులు అట్లా అనుకుంటున్నాడు. అజీజా అయితే ఎందుకో చెప్పలేదు, మధ్యాహ్నం అన్నాలు కాగానే గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, దీన్ని తెరువు అంది, అంతే.

తోలు ముక్క. ముందు అది. వెనక నుంచి వచ్చి టోపీని కొట్టే సుత్తిని, తనకు ఈ పని నేర్పిన ఎహసాన్ ఘోడా అంటాడు. ఘోడా కింద చెప్పు తోలు ముక్క దూర్చాడు, ఎంత జారినా కొట్టకుండా. రుస్తాఖ్ బజారులో, కోట గోడ నీడలో, ఎహసాన్ తుపాకుల కొట్టు. బలూచీ ముసలాయన, గడ్డం గోరింటాకుతో ఎర్రగా. కంపెనీ రుస్తాఖ్‌లో రోడ్డు వేస్తున్నప్పుడు శుక్రవారం పూట తిరగడానికి పోయి, పెద్దులు ఆ కొట్టు ముందు ఆగిపోయాడు. తుపాకులు చూసి ఆగలేదు. ఆ కొట్టులో ఇత్తడి వాసన వచ్చింది. కాల్చిన ఇత్తడిని చింతపండు నీళ్లలో ముంచితే వచ్చే వాసన, నాలుక చివర పుల్లగా తగిలేది, వాళ్ల నాయిన పంచెలో, అన్నంలో, నిద్రలో ఉండేది. కంచరోళ్ల ఇల్లు వాళ్లది. బిందె అంచు కొట్టేటప్పుడు నాయిన కళ్లు మూసుకునేవాడు, చప్పుడును బట్టి మందం తెలుస్తుందని. తర్వాత స్టీలు బిందెలొచ్చాయి, తేలిక, తోమనక్కర్లేదు, పెళ్లిళ్లకు కూడా స్టీలే పెట్టారు, ఏడాది తిరిగేసరికి కొలిమిలో కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. నాయిన సుత్తెలన్నీ నూనె రాసి గోనెలో చుట్టి అటక మీద పెట్టాడు. తను కంకర మోయడానికి ఈ దేశం వచ్చాడు, సముద్రం దాటి, ఇక్కడ ఒక ముసలాయన వేలెడంత ఇత్తడి డొల్లలను చింతపండుతో తోముతుంటే ఆగిపోయాడు. ఎహసాన్ తలెత్తి, ఏం కావాలి అన్నాడు. ఏం చెప్పాలో తెలియక పెద్దులు డొల్ల ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో మీటాడు. చిన్నగా మోగింది. పగుళ్లున్నది ఇట్లా మోగదని హిందీలో అన్నాడు. ముసలాయన జరిగి కూర్చుని చోటిచ్చాడు.

కిరసనాయిల్ చుక్కలు వేశాడు. చక్రానికీ చట్రానికీ మధ్య సందులో, గదుల మూతుల దగ్గర. నిదానంగా దిగనివ్వాలి. కిరసనాయిల్ పోయాల్సిన గిన్నె కోసం బల్ల కింద తడిమాడు, లేదు. ఎక్కడో పెట్టి ఉంటాడు. సీసాలోంచే బొట్లు బొట్లుగా వేశాడు. ఇక ఖర్జూరపు మట్ట ఈనె. ఇనుము పెట్టి నెట్టకూడదు, గీత పడినా నిప్పు రాలినా ప్రమాదం. కత్తితో ఈనెను పలచగా చెక్కడం మొదలుపెట్టాడు. పొట్టు మోకాళ్ల మీద రాలుతోంది. అజీజా ఆ పొట్టునే చూస్తోంది.

గుండు కూర్చోబెట్టడంలోనే ఉంటుంది పనంతా, అనేవాడు ఎహసాన్. మందు పోయడం ఎవడైనా పోస్తాడు, టోపీ ఎవడైనా గుచ్చుతాడు. గుండు కూర్చోవడం చూడు. పట్కారులాంటి చేతి మర ఉంటుంది, ఒక దవడలో డొల్ల, ఇంకో దవడ గుండును లోపలికి నెడుతుంది, ఆఖరున అదే దవడ డొల్ల మూతిని లోపలికి ముడుస్తుంది, గుండుకు నడుము దగ్గర ఉండే గాడిలోకి. మూడు పనులు ఒకే పిడికిలిలో. మొదట్లో ప్రతిదీ చెడిపోయింది. డొల్ల మూతి కాస్త విచ్చుకునేట్టు చేయకుండా నెడితే సీసం గీసుకుపోయి ఉంగరంలా చుట్టుకునేది. మూతి తొందరగా ముడిస్తే గుండు ఇంకా దిగుతుండగానే మూతి పట్టేసేది, డొల్ల నడుము దగ్గర పొట్ట ఉబ్బేది, ఉబ్బినది గదిలోకి దూరదు. గుండుకు కొవ్వు ఎక్కువ రాస్తే అడుగున చేరి గుండును పైకి నెట్టేది. ఒక్కొక్కటీ పట్టుకుని, ఇది ఎందుకైంది, ఇది ఎందుకైంది అని ఎహసాన్ అడిగేవాడు, తిట్టేవాడు కాదు. ఆయన కళ్లకు పువ్వు పడుతోంది అప్పటికే. అన్నీ వేళ్లతో చూసేవాడు. అజీజా తుపాకి సైజు తూటాలు మస్కట్‌లో కూడా దొరకవు, ఆ తుపాకి తయారైన కాలం వేరు. ఆమె దగ్గర పనిచేసే మనిషి పాత డొల్లలు తెచ్చి ఎహసాన్‌కు ఇచ్చేవాడు. తర్వాత భీమన్న మాట సాయంతో పెద్దులు రోడ్డు పని వదిలి ఈ తోటలోకే వచ్చాక, ఎహసాన్ కళ్లు పూర్తిగా మసకబారాక, చేతి మరతో, డొల్లలతో సహా ఆ పని ఇక్కడికే వచ్చింది. పగలు చెట్లకు నీళ్లు, శుక్రవారం తూటాలు.

భీమన్నకు ఇది నచ్చలేదు. తన భార్య లస్మవ్వకు అన్న అతను, అంటే తనకు బావ, ఈ దేశం ముందొచ్చి తనను పిలిపించుకున్నవాడు. "మనం చెట్లకు నీళ్లు పెట్టెటందుకు వచ్చినం. ఇదెందుకు మనకు?" అన్నాడు ఒక శుక్రవారం, గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా. ఇత్తడి పని బావా అన్నాడు పెద్దులు. "ఇత్తడి పనా ఇది?" అన్నాడు భీమన్న. అంతే, అంతకు మించి మాట పెరగలేదు. కానీ అప్పటినుంచి శుక్రవారాలు భీమన్న చేపలు కొనడానికని సముద్రం ఒడ్డుకు పోయేవాడు, వచ్చి కూర వండి పెట్టేవాడు, తూటాల సంగతి ఎత్తేవాడు కాదు. పెద్దులుకు తూటాలు ఏం చేస్తాయో తెలుసు. తెలిసి, ఆ తెలిసినదాన్ని పక్కన పెట్టుకుని కూర్చునేవాడు, తినేటప్పుడు చెప్పులు పక్కన పెట్టుకున్నట్టు. అతనికి డొల్ల మూతి ముడుచుకోవడం ఇష్టం. ఇత్తడి సీసం మీద వంగి పట్టుకున్నప్పుడు పిడికిలికి తెలుస్తుంది, సన్నటి బిగుతు, బిందె అంచు తిరగబడ్డప్పుడు నాయిన చేతికి తెలిసినట్టే కావచ్చు. తను ఒక్క తూటా కూడా ఎప్పుడూ కాల్చలేదు.

ఈనె సందులోకి దూరింది. మెల్లగా. మొదటి గది, గుండు లోపలే ఉంది. రెండోది కూడా. ఈనె చివరను గదుల మూతుల మీదుగా జరుపుతుంటే మూడోదాని దగ్గర ఆగింది. ఇదీ. బయటికి వచ్చి తల పెట్టింది ఇదే, బియ్యపు గింజంత కూడా కాదు, అంతే అడ్డం. "దొరికింది," అన్నాడు. అజీజా మెడ చాచి చూసింది. ఆమె ముఖం చెమటతో మెరుస్తోంది, తుడుచుకోవడం లేదు.

ఎందుకు జారింది? పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. తన్నినప్పుడు పేలని తూటాల డొల్లలు తుపాకితో పాటు వెనక్కి పోతాయి, బరువైన గుండ్లు ఉన్నచోటే ఉందామని చూస్తాయి, బస్సు కదిలినప్పుడు నిలబడ్డ మనిషి వెనక్కి వాలినట్టు. మూతి గట్టిగా పట్టుకుని ఉంటే గుండు కదలదు. పట్టు లేకపోతే ఒక దెబ్బకు కాస్త, ఇంకో దెబ్బకు ఇంకాస్త. రెండు దెబ్బలు పడ్డాయి ఆ రోజు. మొదటిది కుక్క ఇంకా మేకల దొడ్డి దగ్గర ఉన్నప్పుడు. తెల్లటి కుక్క, ఎక్కడిదో, మేకపిల్ల గొంతు పట్టుకుని ఉంది. భీమన్న కర్రతో పరుగెత్తాడు. అజీజా వరండాలోంచి దిగుతూ కాల్చింది, దుమ్ము లేచింది. రెండోది ఖర్జూరపు మానుకు తగిలి చెక్క ఎగిరింది. అప్పటికి కుక్క మేకపిల్లను వదిలి భీమన్న చెయ్యి అందుకుంది. పెద్దులు పంపు దగ్గర్నుంచి పరుగెత్తుకొస్తున్నాడు, అజీజా వెనకగా. అతనికి కనిపించింది ఆమె వీపు, నల్లటి గుడ్డ, చాచిన మోచేతులు. మూడోది పేలలేదు. ఆమె నొక్కుతోంది, మళ్లీ మళ్లీ, ఏమీ కాలేదు. ఆ నిశ్శబ్దం పెద్దులుకు ఇప్పటికీ చెవిలో ఉంది. భీమన్న రెండో చేత్తో కుక్క మెడ పట్టుకుని దానిమీద పడిపోయాడు. ఖర్జూరాలు ఆరబోసే వల లాగి పెద్దులు ఇద్దరి మీదా విసిరాడు, తర్వాత తాడు, తర్వాత రక్తం కడగడం, బట్టలుతికే సబ్బుతో, అజీజా బండి నడపడం, డిస్పెన్సరీ. దారంతా భీమన్న ఒక్కమాట అనలేదు. నీ తూటా పేలలేదు అని అనలేదు. ఆ రోజు అనలేదు, మర్నాడు అనలేదు, సూదులు పొడిపించుకుని వచ్చి వంగి నడుస్తూ కూడా అనలేదు. అన్నం పెడుతుంటే తిన్నాడు. అనకపోవడం పెద్దులుకు ఇంకా కష్టంగా ఉంది; అంటే జవాబు వెతుక్కునేవాడు. అనడు కాబట్టి తనే రోజూ అడుగుతున్నాడు తనను, మందు తడిసిందా, టోపీ చెడ్డదా, కొవ్వా, సీసం పోతలో తగ్గి గుండు సన్నబడిందా. తూటా చెడితే ఎక్కడ చెడిందో ఉంటుంది. వెతకొచ్చు. లస్మవ్వకు ఏమని చెప్పాలి అన్నదానికి ఎక్కడ వెతకాలి?

ఈనెను సీసం తల మీద ఆనించి వెనక్కి ఒత్తాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి ఇంకాస్త. చెమట కనుబొమ్మలోంచి కంట్లో పడింది, తుడుచుకోలేదు, రెండు చేతులూ పనిలో ఉన్నాయి. అజీజా లేచి వచ్చింది. ముసుగు కొంగుతో అతని కళ్లు తుడిచింది, మళ్లీ పోయి కూర్చోలేదు, పక్కనే నిలబడింది. గొట్టానికి అటుపక్క. "అటు వద్దు మామా, ఇటు రా," అన్నాడు. ఇటు వచ్చింది.

"శువయ్య, శువయ్య," అంది. మెల్లగా అని.

బయట భీమన్న గొంతు. "పెద్దులూ! ఈ గిన్నె ఎక్కడిదిర?"

చేతులు కదలనివ్వకుండా, "ఏ గిన్నె?" అన్నాడు.

"కుక్కకు నీళ్లు పెట్టిన సత్తు గిన్నె. పొద్దుగాల అందిన గిన్నెల నీళ్లు పోసి పెట్టిన. ఇది గ్యాస్‌నూనె వాసనొస్తుందిర!"

డొల్లలు కిరసనాయిల్‌లో నానబెట్టే గిన్నె. బల్ల కింద లేనిది అదే. ఎండలో ఆరబెట్టి బయటే వదిలేసినట్టున్నాడు. పెద్దులు కళ్లు మూసి తెరిచాడు. ఈనె మీద వేళ్లు అట్లాగే ఉన్నాయి. "నాదే బావా. కడిగినా వాసన పోదు. మార్చు. మట్టి కడవ ముక్క పెట్టు."

చెప్పుల చప్పుడు దూరమైంది, కుళాయి దగ్గర ఆగింది, మళ్లీ వచ్చింది. గొలుసు గలగల. తర్వాత ఏమీ లేదు. పెద్దులు ఒత్తుతూనే ఉన్నాడు, ఒత్తుతున్నాడో పట్టుకుని ఉన్నాడో తనకే తెలియడం లేదు. అజీజాకు వాళ్ల మాటలు అర్థం కాలేదు కానీ తల పక్క గది గోడ వైపు తిప్పి వింటోంది. అప్పుడు వినబడింది, గోడ అవతల, తడి చప్పుడు, నాలుకతో నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు, ఆగకుండా, ఆశగా. "తాగుతుందిరో!" అని అరిచాడు భీమన్న. "మొత్తం తాగుతుంది, ఇంక అడుగుతుంది దీనమ్మ!"

అజీజా ఆ మాట అర్థం అడగలేదు. గోడకు అరచేయి ఆనించి నిలబడింది. "అల్‌హందులిల్లా," అంది, తనకు తనే, దేవుడి దయ అన్నట్టు. పెద్దులు తనకు ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. చేతిలో ఇంకా పని ఉంది. ఇప్పుడు ఈ తుపాకి ఎవరికీ అవసరం లేదు, కుక్కను కాల్చనక్కర్లేదు, కానీ లోపల నాలుగు ఉన్నాయి. ఒత్తాడు. ఈసారి సీసం వెనక్కి పోయింది, వెన్నలోకి వేలు దిగినట్టు, అంత తేలికగా. బొటనవేలితో చక్రాన్ని తాకాడు. తిరిగింది. టిక్, టిక్. పక్కకు తెరిచి, తుపాకిని పైకెత్తి, నాలుగింటినీ రెండు ఖాళీ డొల్లలనూ ఒడిలోకి రాల్చుకున్నాడు.

నాలుగింటినీ బల్ల మీద వరుసగా నిలబెట్టాడు. మూడు ఒక ఎత్తు, ఒకటి ఇప్పుడే వెనక్కి నెట్టింది కాబట్టి కాస్త పొట్టిది. దాన్ని తీసుకుని గుండును రెండు వేళ్లతో పట్టి లాగాడు. మర అక్కర్లేకుండా, పట్కారు లేకుండా, చేతివేళ్లకే వచ్చేసింది, సీసాలోంచి బిరడా వచ్చినట్టు. మందు నల్లగా బల్ల మీద చిన్న కుప్ప పడింది. డొల్లను ఖాళీ డొల్ల పక్కన నిలబెట్టాడు. పొట్టిది. గోరు మందం కూడా లేదు తేడా, అయినా పొట్టిదే. మూతి అంచు వేలితో తడిమితే గరుకు తగిలింది, ఆకురాయి గీతలు. ఇక తెలిసిపోయింది, మొత్తం ఒక్కసారిగా. ఎహసాన్ ఇచ్చిన డొల్లల్లో కొన్నిటికి మూతి దగ్గర పగుళ్లు వచ్చి ఉంటాయి, పారేయలేక ఆకురాయితో పగులు పోయేదాకా అరగదీసి ఉంటాడు, మసక కళ్లతో, వేళ్ల కొలతతో. వాటిని మామూలు వాటిలో కలిపేశాడు. మర దవడ నిండు డొల్ల ఎత్తుకు బిగించి ఉంది. పొట్టి డొల్ల వచ్చినప్పుడు గుండు సరైన ఎత్తుకే దిగింది, కానీ మూతి దాకా దవడ అందలేదు. ముడుచుకోలేదు. ఊరికే గుండు చుట్టూ నిలబడింది. తను ప్రతిసారీ అయినవాటిని పలక మీద నిలబెట్టి చూసుకునేవాడు, అన్నీ ఒకే ఎత్తు, బడిపిల్లల వరుసలాగా. పైకి అన్నీ ఒకే ఎత్తు. ఎత్తు చూశాడు, మూతి చూడలేదు. మిగిలిన మూడూ లాగి చూశాడు. రావు. వాటి మూతులు మంచిగా ముడుచుకుని ఉన్నాయి.

"ఇదొక్కటే మామా," అన్నాడు, డొల్లను చూపించి. పొట్టిది, గుండును పట్టుకోలేదు, అందుకే జారింది, అందుకే చక్రం ఆగింది. మిగతావి మంచివే. ఇది ఈ గదిలో కాకుండా ఇంకో గదిలో ఉండి ఉంటే, మొదట్లోనే పేలిపోయే రెండింటిలో ఒకటై ఉంటే, చక్రం ఆగేదే కాదు, మూడోది పేలేది.

అజీజా ఆ డొల్లను అరచేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. బయట భీమన్న కుక్కతో ఏదో మాట్లాడుతున్నాడు, తెలుగులో, సన్నగా.

"పేలేది," అంది.

"పేలేది మామా. తప్పకుండా."

"నువ్వు నా వెనక ఉన్నావు ఆ రోజు. నీకు కనబడలేదు." ఆమె హిందీ నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ వచ్చింది. "కుక్క అతని చేతికి వేలాడుతోంది. ఇద్దరూ తిరుగుతున్నారు. నేను కుక్క మీదికే పెట్టాను. నొక్కేటప్పటికి కుక్క అక్కడ లేదు. అతను ఉన్నాడు. ఇక్కడ." తన రొమ్ము మీద వేలు పెట్టుకుంది. "నాకు కనబడింది. వేలు ఆగలేదు. చూశాను, అయినా వేలు నొక్కింది. ఒకసారి కాదు. నేను నొక్కుతూనే ఉన్నాను, బెదిరిపోయి."

పెద్దులు బల్ల మీది మందు కుప్పను చూశాడు. ఎంత కొంచెం. ఊదితే పోతుంది. తల వెనక భాగం చల్లబడ్డట్టయింది, అంతకు మించి ఏమీ అనిపించలేదు, అది తర్వాత వస్తుందేమో. ఇన్నాళ్లూ వెతికిన తప్పు దొరికింది, దొరికాక అది ఎవరి లెక్కలోకి పోవాలో తెలియని వస్తువులా బల్ల మీద ఉంది. ఎహసాన్ చూపు పోయినందుకా భీమన్న బతికింది. తను మూతి చూడనందుకా. అట్లా అనుకోవడం కుదరలేదు. చేయి తప్పుగా చేసిన పని తప్పే. కానీ భీమన్న గోడ అవతల మాట్లాడుతున్నాడు.

మందును కాగితం మీదికి ఊడ్చి, బయటికి పోయి మట్టిలో చల్లి, చెంబుతో నీళ్లు పోశాడు. తిరిగి వచ్చేసరికి అజీజా ఖాళీ తుపాకిని గుడ్డలో చుడుతోంది. చుడుతూ, తలెత్తకుండా అడిగింది.

"మళ్లీ చేస్తావా తూటాలు?"

"ఎప్పుడు చేసినా ఒక్కొక్కటీ కొలిచి చేస్తా మామా. ఇట్లాంటిది ఇంకొకటి రానీయను. చేస్తే సరిగ్గానే చేస్తా."

అజీజా చుట్టడం ఆపింది. అతని ముఖంలోకి చూసింది.

"అయితే వద్దు," అంది.

గుడ్డ ముడి వేసుకుని, తలుపు దాటి, ఎండలోంచి ఇంటి వైపు నడిచిపోయింది. చేతి మరను ఏం చేయాలో ఆమె చెప్పలేదు. పెద్దులు దాన్ని బల్ల సొరుగులో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, భీమన్న దగ్గరికి వెళ్లి గోనె మీద కూర్చున్నాడు. లోపల కుక్క మూతి కాళ్ల మధ్య పెట్టుకుని పడుకుంది, పక్కటెముకలు లేచి పడుతున్నాయి. మామూలు కుక్క. దాని గడ్డం కింద నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఖమరుద్దీన్ వస్తే ఇగ సూదులు బంద్ చేస్తడేమో అన్నాడు భీమన్న, కడుపంతా గడ్డలు కట్టిందిర, బోర్ల పండుకోరాదు. చేస్తడు బావా అన్నాడు పెద్దులు. కాసేపు ఇద్దరూ కుక్కను చూశారు. దూరంగా రోడ్డు మీద లారీ పోయింది. అడగాలా వద్దా అని పెద్దులు ఆలోచించలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"బావా. ఆ దినం తుపాకి గొట్టం నీ దిక్కే ఉండెనా?"

భీమన్న మంచి చేత్తో కిటికీ ఊచ మీది దుమ్ము గీరాడు.

"ఉండె," అన్నాడు. "బొక్క కనవడ్డది. గుండ్రంగ."

"మరి ఇన్నొద్దులు చెప్పలేదేంది? నేను ఈడ సస్తున్న, నా తూటా పేలక నిన్ను కుక్క కరిసిందని."

"నువ్వట్లనుకుంటున్నవని నాకేం ఎరుక? నువ్వు అడిగినవా?" భీమన్న ఇంటి వైపు చూశాడు. వరండాలో అజీజా ఆరిన బట్టలు తీగ మీంచి తీస్తోంది. గొంతు తగ్గించాడు, ఇంత దూరంలో తెలుగు మాట ఆమెకు వినబడినా అర్థం కాదని తెలిసి కూడా.

"ఆమెకు తెల్వదనుకున్న నేను," అన్నాడు. "తెలిస్తె బతుకుతదా అని ఊకున్న."

భీమన్న కట్టు చెయ్యి ముందుకు చాపాడు, చెమటకు దురద పెడుతోందని. పెద్దులు ముడి విప్పి, గుడ్డ ఒక్కో చుట్టూ తీయసాగాడు.